ఓడాయన గేటు, మా బాట

ఆగిరిపల్లి దాటి తోటలన్నీ అయిపోయాక, మొక్క పెట్టినా బతకదని రైతులు వదిలేసిన రాతి నేల ఒకటి ఉండేది. దాని వెనక ఫారెస్టు వాళ్లు పాతిన హద్దు రాళ్లు, ఆ రాళ్ల వెనక కొండ. రాతి నేలకీ హద్దు రాళ్లకీ మధ్య ఇరుక్కుని మా శివారు. మా పెద్దవాళ్లు మామిడికాయ కోతలకని వచ్చి, సీజన్ అయ్యాక తిరిగి వెళ్లడానికి ఊరంటూ లేక అక్కడే ఉండిపోయారు. రేషన్ కార్డులూ ఓట్లూ కింద ఊళ్లో, మనుషులం పైన. ప్రభుత్వం దృష్టిలో మేం కింద ఊళ్లో తింటాం, పైన కనిపించం.

తారు రోడ్డు మీదకి రావాలంటే ఆ రాతి నేల మధ్యలోంచి ఒక బాట. ట్రాక్టరు పట్టేంత వెడల్పు. పిల్లలు బడికి వెళ్లేది అందులోంచే. నొప్పులొచ్చిన ఆడమనిషిని ఆటో ఎక్కించేది దాని చివరే. ఆఖరికి నలుగురి భుజాల మీద దిగేదీ అందులోంచే. అది ఏ మ్యాపులోనూ లేదు. ఆ నేల ఉంగుటూరు వైపు వరి పండించుకునే ఒక పెద్ద రైతు కుటుంబానిది. వాళ్లు ఏనాడూ పైకి రాలేదు, నడవొద్దని మమ్మల్ని అననూ లేదు. వాళ్లు అనని ఆ మాట మీదే మా బాట నడుస్తూ వచ్చింది.

అలాంటి నేలని ఒక ఓడ కెప్టెన్ కొన్నాడు.

కొనకముందు ఆయన్ని మొదట చూసింది నేనే. నాకున్నది ఒక ట్రాక్టరు, దాని వెనక మందు కొట్టే ట్యాంకు. పూతకి తేనెమంచు పురుగు పడితే రైతులకి నేను దేవుణ్ణి, మిగతా ఏడాదంతా దారికి అడ్డం. ఆ రోజు బాట మొదట్లో ట్యాంకు కడుక్కుంటుంటే కారు ఆగింది. పొడుగాటి మనిషి దిగాడు. మెడలో బైనాక్యులర్స్. కొండని కాసేపు చూసి నా వైపు తిరిగాడు.

"ఏమయ్యా, ఇక్కడ గాలి ఎటు నుంచి వస్తుంది?"

"దానికి ఎటు వీలైతే అటు నుంచండి."

నవ్వలేదు. "ఎండాకాలంలో?"

"పడమర నుంచండి. కాయ రాల్చుకుని పోతుంది."

"ఇంకా నయం, అది చెప్పావు. ఎవరూ లేని చోటు కావాలని చాలా కాలంగా వెతుకుతున్నాను."

"సరిగ్గా దొరికిందండి. ఆ ఎవరూ లేని చోట మేం ఓ వంద మందిమి ఉన్నాం."

అప్పుడు బైనాక్యులర్స్ దించి మా ఇళ్ల వైపు మామూలు కళ్లతో చూశాడు. దూరం చూసే అద్దాల్లోంచి దగ్గరివి కనపడవనుకుంటాను.

ఆ నేల ఆయన కొన్నాడనీ, ఓడ కెప్టెననీ కబురు తెలిసిన సాయంత్రం శివారంతా మా అత్త అరుగు దగ్గర చేరింది. మా అత్తంటే మా ఆవిడ తల్లి, నాకు సొంత మేనత్త కూడా. కాబట్టి నన్ను తిట్టడానికి ఆమెకి రెండు వైపుల నుంచీ హక్కుంది. మా వైపు రాతి నేల కొన్నవాడు తోట వేస్తాడని ఎవరూ అనుకోరు. గ్రావెల్ తవ్వుకుంటాడనుకుంటారు. అలా తవ్వి వదిలేసిన గుంటలు మైలవరం వెళ్లే దారిలో చూసే ఉన్నాం. వానాకాలం అవి చెరువులైతే మిగతా కాలం లారీలు తిరిగే దుమ్ము.

"సముద్రం మీద బతికినోడికి చుక్క నీళ్లు లేని చోట ఏం పని?" అంది అత్త.

"దాక్కోడానికి వచ్చుంటాడు," అన్నాడు మా తోడల్లుడు. "ఓడల్లో బంగారం దాటిస్తారంట."

"కొండ కింద లంకెబిందెలున్నాయని మా నాన్న అనేవాడు," అన్నారెవరో.

"ఉంటే మీ నాన్నే తవ్వుకుని ఉండేవాడు, నువ్వు నా ట్రాక్టరు కింద నీడలో పడుకునేవాడివి కాదు," అన్నాను.

నవ్వారు. అత్త నవ్వలేదు. "బంగారం తవ్వుకుంటే తవ్వుకోనీ. బాట మూస్తాడా లేదా, అది చెప్పండి."

ఆ రోజు నుంచి మాకున్నది ఆ ఒక్క ప్రశ్నే. ఆయన ఏం చేసినా దానికి జవాబు వెతికేవాళ్లం.

మొదట ఇల్లు వచ్చింది. ఇల్లంటే కట్టింది కాదు, తెచ్చింది. ఓడల మీద సరుకు వేసే ఇనప కంటెయినరు ఒకటి ట్రెయిలర్ మీద ఎక్కించుకుని వచ్చాడు. మలుపులో ట్రెయిలరు ఇరుక్కుంటే నా ట్రాక్టరే గొలుసు కట్టి లాగింది. దాన్ని బాట పక్కన దింపి, కిటికీలు కోయించి, లోపల కాపురం పెట్టాడు. పెద్ద తాళం వేసిన ఇనప పెట్టెలో ఒక మనిషి ఒంటరిగా ఉంటే చూసేవాళ్లకి నిద్ర పడుతుందా. లోపల ఏముందో చూసి రమ్మని అత్త నన్ను పంపింది. మందు ట్యాంకుకి నీళ్లు కావాలన్న వంకతో వెళ్లాను.

మంచం, పొయ్యి, పుస్తకాలు. వింతేమిటంటే అన్నీ కట్టేసి ఉన్నాయి. గ్లాసులకి తాడు, పుస్తకాలకి అడ్డంగా పట్టీ, కుర్చీకి కొక్కెం.

"ఇక్కడ నేల ఊగదండి," అన్నాను.

"తెలుసు. చెయ్యి ఊరుకోదు," అన్నాడు.

వచ్చి అత్తకి చెప్పాను. ఆమె చాలాసేపు ఆలోచించింది. "అన్నీ కట్టి పెట్టుకున్నాడంటే రేపో మాపో వెళ్లేవాడేరా. వెళ్లేవాడు తోట పెట్టడు. తవ్వుకునే పోతాడు."

ఆమె అన్నట్టే తవ్వడం మొదలైంది. కూలీకి పిలిచింది మమ్మల్నే. కొండ వాలుకి అడ్డంగా గుంటలు తవ్వించాడు. ప్రతి గుంటలోంచీ పిడికెడు మట్టి తీసి డబ్బాల్లో పోసి ఎక్కడికో పంపాడు. మట్టి పరీక్షకన్నాడు. గ్రావెల్ వాళ్లు కూడా మట్టినే పరీక్షిస్తారని మా తోడల్లుడు గుర్తు చేశాడు. తర్వాత అంటు మొక్కలు దిగాయి. బంగినపల్లి, చిన్న రసం, గట్టు వెంబడి కలెక్టరు రకం మామిడి. మొక్కకో డ్రిప్పు గొట్టం. మేం మా చేతులతోనే నాటాం. నాటుతూ కూడా నమ్మలేదు. తవ్వడానికి ముందు పచ్చగా కప్పుతున్నాడని ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. ఆయన మాత్రం ఇంతవరకూ ఎవరూ వేయని నేల మీద తనే మొదట తోట వేస్తున్నట్టు నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడేవాడు. మా పెరళ్లలో ఉన్న నాటు మామిళ్లు ఆయన్ని పై నుంచి చూస్తుండేవి.

తర్వాత కంచె పడింది. బాటకి రెండు గేట్లు పెట్టాడు. కింద తారు రోడ్డు దగ్గర ఒకటి, పైన మా ఇళ్ల దగ్గర ఒకటి.

"అడివి పందులయ్యా," అన్నాడు నేను అడిగితే.

"పై గేటు సరేనండి. కింద గేటు దేనికి? పందులు బస్సు దిగి రావు కదా."

"కింద మేకలు."

తాళం వేయలేదు. కానీ తాళం వేయడానికి రంధ్రం ఉంది. ఆ రంధ్రంలోకి రోజూ చూసి పోయేది అత్త.

అసలు గొడవ గేటుతో రాలేదు, గేటు దగ్గర ఆయన చేసిన పనితో వచ్చింది. పొద్దున పనిలోకి దిగేటప్పుడు, సాయంత్రం ఇళ్లకి పోయేటప్పుడు పై గేటు పక్కన నిలబడి, వేలు చూపిస్తూ మనిషి మనిషినీ లెక్కపెట్టేవాడు.

మొదట దొంగతనం అనుకున్నాం. చీర కుచ్చెళ్లలో కాయలేమైనా పోతున్నాయేమోనని కాపలా అనుకున్నాం. కానీ మొక్కలు మోకాలెత్తు కూడా లేవు, కాయెక్కడిది? అంటే ఇంకేదో ఉంది. "మన మీద కేసు పెట్టడానికి. ఇంతమంది నా పొలంలోంచి తిరుగుతున్నారని కోర్టులో చెప్పుకోడానికి," అన్నాడు మా తోడల్లుడు. అదీ భయమే. అత్త భయం వేరు.

మాలో బతికున్న మనుషుల్ని వేలు పెట్టి లెక్కపెట్టరు. పొదిగిన కోడి కింద పిల్లల్నీ లెక్కపెట్టరు. ఎంతమంది వచ్చారని అడిగితే ఇంటిల్లిపాదీ అంటాం. పెళ్లి పందిట్లో విస్తళ్లు లెక్కపెడతాం, వాటి ముందు కూర్చున్నవాళ్లని కాదు. వేలు పెట్టి ఎంచిన వరసలోంచి ఒకరు తగ్గిపోతారని నమ్మకం. అత్తకది వినికిడి మాట కాదు. జనాభా లెక్కల వాళ్లు వచ్చి వెళ్లిన ఏడాదే ఆమె చెల్లెలు పోయింది. మూడు మాసాల కడుపుతో ఉన్న పిల్ల. డాక్టరు ఏదో పేరు చెప్పాడు. అత్త ఆ పేరు మర్చిపోయింది, వేలు గుర్తుంది.

దీనికి విరుగుడు ఒకటే. లెక్క తప్పించాలి. తప్పు లెక్క ఎవరికీ తగలదు.

ఇక ఆడవాళ్లు ఆ పని మీద పడ్డారు. ఒకామె పొద్దున గేట్లోంచి లోపలికి వచ్చి, సాయంత్రం కంచె సందులోంచి బయటికి పోయేది. ఇంకొకామె గిన్నె మర్చిపోయానని వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చేది, ఆమె ఇద్దరు. మా మరదలు పిల్లాణ్ణి కొంగు కింద కప్పుకుని నడిచేది. పొద్దుటి లెక్కా సాయంత్రం లెక్కా ఏనాడూ కలిసేవి కావు. ఎక్కువ వచ్చిన రోజు ఆయన తల గోక్కునేవాడు. తక్కువ వచ్చిన రోజు మాత్రం ముఖం మారిపోయేది. మెడలోని విజిల్ ఊదుకుంటూ తోటంతా తిరిగేవాడు. డ్రిప్పు గుంటలు, నీళ్ల తొట్టి, రాళ్ల గుట్టలు అన్నీ వెతికేవాడు. ఇళ్ల దగ్గర మేం పళ్లేల ముందు కూర్చుని ఆ విజిల్ వింటూ నవ్వుకునేవాళ్లం.

ఒక సాయంత్రం నన్నూ వెంట తిప్పాడు.

"ఒకరు తక్కువయ్యా. ఎర్ర రవికె ఆవిడ."

"ఆవిడ ఇంటి దగ్గర పప్పుకి తాలింపు పెడుతోందండి. వాసన ఇక్కడికే వస్తోంది."

"నువ్వు చూశావా?"

"ముక్కుతో చూశానండి."

ఆగలేదు. మా ఇళ్లదాకా వచ్చి, ఆవిడ గుమ్మం ముందు నిలబడి, పొయ్యి దగ్గర ఆమెని కళ్లారా చూసుకుని, అప్పుడు ఊపిరి వదిలాడు. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. తిరిగి వెళ్తూ అడిగాడు, "ఎందుకిలా చేస్తున్నారు?"

"మా వాళ్లకి లెక్క పడదండి. వేలు పెడితే ఒకరు తగ్గుతారని భయం."

గేటు దాకా నడిచాడు. తర్వాత చెప్పాడు. నడిసముద్రంలో ఒక సాయంత్రం మనుషుల్ని లెక్కచూడలేదట. అందరూ ఉన్నారనుకున్నారు. ఒకడు లేడని పొద్దున టిఫిన్ దగ్గర తెలిసింది. ఓడని వెనక్కి తిప్పి వెతికారు. నీళ్లు తప్ప ఏమీ కనపడలేదు.

"లెక్కపెడితే తగ్గరు. లెక్కపెట్టకపోతే తగ్గుతారు," అన్నాడు.

"ఆ మనిషిది ఏ ఊరండి?" అని అడిగాను.

జవాబు చెప్పకుండా గేటు వేసుకున్నాడు. ఆరో తరగతి సగంలో బడికి దండం పెట్టినవాణ్ణి కాబట్టి నాకు సముద్రాల సంగతి తెలియదు. కానీ జరిగిన సంగతైతే ఊరి పేరు చెప్పడానికి ఏం అడ్డమని మాత్రం అనిపించింది. ఆ అనుమానం నాకు చాలా కాలం పోలేదు. అత్తకి చెబితే, "కథ బాగానే ఉంది. ఇంత బాగా చెప్పేవాడి దగ్గర ఇంకాస్త దూరంగా ఉండాలి," అంది.

మొక్కలు మనిషెత్తు అయ్యేసరికి ఎన్నికలొచ్చాయి. మా నియోజకవర్గంలో ఒక పార్టీలో ఇద్దరు నాయకులు టికెట్ కోసం కొట్టుకుంటున్నారు. ఎవరికిచ్చినా రెండోవాడు ఓడిస్తాడు. ఇద్దరికీ బంధువు కానివాడు కావాలని వెతికితే, ఇన్ని మండలాల్లో ఎవరికీ ఏమీ కానివాడు కొండ కింద ఇనప పెట్టెలో ఒక్కడే దొరికాడు. చదువుకున్నవాడు, తెల్లబట్టలు ముందే ఉన్నాయి.

ప్రచారంలో ఆయన చేసిన పని ఇప్పటికీ మా దగ్గర చెప్పుకుంటారు. నాయకుడొకాయన మైకు పట్టుకుని, పది వేల మంది జనసముద్రం అన్నాడు. వెనక కూర్చున్న మా ఓడాయన, "ఎనిమిది వందలు. అటు చివర కూర్చున్నది కుర్చీలు," అన్నాడు. ఆ మైకు కూడా ఆన్‌లోనే ఉంది. ఎందుకు గెలిచాడో తెలియదు. ఆ ఒక్క మాటకే గెలిచాడని నేనంటాను.

ఓటెయ్యాలా వద్దా అని మా దగ్గర పెద్ద చర్చ. వేస్తే చేతికి సంతకం వస్తుంది, ఆ సంతకంతో బాట మూసేస్తాడు. వేయకపోతే తెలిసిపోతుంది, అప్పుడూ మూసేస్తాడు.

"వేద్దాం. పైన ఖాళీగా కూర్చుని మన తలలు లెక్కపెట్టే బదులు అసెంబ్లీకి పోయి అక్కడి తలలు లెక్కపెట్టుకుంటాడు," అన్నాను.

"వాళ్లకేమైనా అయితే?" అంది అత్త.

"దేశానికి మంచిదే కదత్తా."

గెలిచాక కార్లు పైకి రావడం మొదలైంది. కంటెయినరు ముందు కుర్చీలు వేశారు. తుపాకీ పట్టుకున్న గన్‌మన్ ఒకడు కింద గేటు దగ్గర నిలబడ్డాడు. కుర్రాడికి పాపం మా సంగతి తెలియదు. కట్టెల మోపుతో వస్తున్న అత్తని ఆపి, "ఎక్కడికమ్మా?" అన్నాడు.

"మా ఇంటికి. నువ్వెక్కడికి?"

వాడు పక్కకి తప్పుకున్నాడు. కానీ ఆ సాయంత్రం అత్త అన్నం తినలేదు. ఇన్నేళ్లలో ఆ బాట మీద ఎక్కడికని అడిగింది వాడే మొదట. ఇవాళ అడిగారు, రేపు చెప్పమంటారు, ఎల్లుండి వద్దంటారు. ఆమె అలా ఒక్కొక్కటే చెబుతుంటే నాకు జోకు దొరకలేదు.

మర్నాడు అందరం కలిసి ఆయన దగ్గరికి వెళ్లాం. బాట మాదని కాగితం మీద రాసివ్వమని అడిగాం. ఆయన కుర్చీలు చూపించాడు. ఎవరూ కూర్చోలేదు.

"రాసిస్తాను. పంచాయతీకి గిఫ్టుగా రాసిస్తే దాని మీద తారు రోడ్డు కూడా పడుతుంది. కానీ ఒక రూలుంది. ఇంతమంది జనం ఉన్న శివారుకే రోడ్డు ఇస్తారు. మీ కార్డులన్నీ కింద ఊళ్లో ఉన్నాయి. ఇక్కడ ఎంతమంది ఉన్నారో మనుషులొచ్చి చూసి లెక్క రాసుకోవాలి."

లెక్క అన్న మాట వినగానే ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు.

"ముందు రాసివ్వండి. తర్వాత లెక్క సంగతి," అన్నాడు మా తోడల్లుడు.

"ముందు రాస్తే, మీరు లెక్కలోకి ఎక్కకపోతే, రోడ్డు మీకు రాదు. బాట మాత్రం పంచాయతీది అయిపోతుంది. కొండ మీద కన్నేసిన గ్రావెల్ వాళ్లకి కావల్సింది అదే, అడ్డం లేని దారి. దాని మీద ముందు నడిచేది మీరు కాదు, వాళ్ల లారీలు." ఆగి, ఒక్కొక్కరినీ చూశాడు. "మీలో ఎవరితోనైనా వాళ్లు మాట్లాడారా?"

అప్పుడు తెలిసింది, ఆయనకీ మా మీద అనుమానమేనని. ఇన్నాళ్లూ అనుమానం మా సొంత ఆస్తి అనుకున్నాం. మేం ఆ మాటల్లో గ్రావెల్ అన్న ఒక్క ముక్కే పట్టుకున్నాం, ఆయన మా మౌనాన్ని పట్టుకున్నాడు. రాసేదాకా లెక్కకి నిలబడం అన్నాం. నిలబడేదాకా రాయనన్నాడు. ఇంటికొచ్చేశాం.

లెక్క వాళ్లు మాత్రం వచ్చారు. ఇద్దరు ఉద్యోగులు, చేతిలో ట్యాబు. వాళ్లు గేటు దాటకముందే కబురు అందింది. పిల్లల్ని కొండ మీదకి తరిమారు. ముసలివాళ్లు దుప్పట్లు కప్పుకున్నారు. ఆడవాళ్లు ముందు గుమ్మంలో కనిపించి పెరటి గుమ్మంలోంచి మాయమయ్యారు. ఒక ఇంట్లో ఎంతమందని అడిగితే, "దేవుడి దయవల్ల ఉన్నామండి," అన్నారు. ఆ ఉద్యోగి దేవుడి దయ అని టైపు చేయడానికి గడి లేక తల పట్టుకున్నాడు. చివరికి వాళ్ల లెక్కలో మేం ఉన్నదాంట్లో సగం కూడా తేలలేదు. ఇంత తక్కువ మందికి రోడ్డు రాదని చెప్పి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం ఓడాయన గన్‌మన్ లేకుండా ఒక్కడే మా ఇళ్ల మధ్యకి వచ్చాడు. అంత కోపంగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

"ఇంకొక్కసారి పంపుతారట. అప్పుడూ తప్పితే ఫైలు మూసేస్తారు. తర్వాత నేను ఎమ్మెల్యేగా ఉండొచ్చు, ఊడొచ్చు. ఈ నేల నా తర్వాత ఎవరికి పోతుందో నాకే తెలియదు. వాళ్లు మిమ్మల్ని నడవనిస్తారా?"

అత్త అరుగు మీంచి లేవకుండానే అంది, "ఏం బాబూ, నువ్వు నడవనిస్తున్నావని మేమెప్పుడన్నాం?"

"అమ్మా, నన్ను నమ్మొద్దు. నమ్మకుండానే వరసలో నిలబడండి."

"నిలబడతాం. వాళ్లు వేలు పెడతారు. ఏడాది తిరక్కుండా మాలో ఒకళ్లు పోతారు. మా చెల్లెలు అలాగే పోయింది. నీకేం బాబూ, నువ్వు ఎప్పుడూ వేలున్న వైపే ఉంటావు."

ఆయన ముఖంలో కోపం అక్కడే ఆగింది. అరుగు చివర కూర్చుని అన్నాడు, "నిజమే. ఓడలో కూడా కెప్టెన్‌ని ఎవరూ లెక్కపెట్టరు."

"అయితే ఈసారి నువ్వూ నిలబడు."

"నిలబడతాను."

"ముందు. అందరికన్నా ముందు."

"సరే."

"సంతకం?"

"ఆ రోజే. అక్కడే."

అత్త మా వైపు తిరిగి, "పిల్లల్ని కొండెక్కించకండి," అంది. అంతే.

రెండోసారి లెక్క వాళ్లు వచ్చిన పొద్దున పై గేటు నుంచి మా ఇళ్లదాకా వరస. అందరికన్నా ముందు తెల్లచొక్కాలో ఎమ్మెల్యే. ఆ వెనక మా అత్త, కొంగు నడుముకి బిగించి, ఆయన ఎక్కడ తప్పుకుంటాడోనన్నట్టు అడుగు దూరంలో. ఉద్యోగి ముఖం చూడాలి. ఎమ్మెల్యేకి వేలు చూపించలేడు, చూపించకపోతే లెక్క మొదలవదు.

"సార్, మీరు పక్కకి వస్తే..."

"నా ఇల్లు ఇదే. రాసుకో."

తల వంచి, వేలు జేబులో దాచుకుని, "ఒకటండి," అన్నాడు. రెండో అంకె దగ్గర అత్త కళ్లు మూసుకుంది. గన్‌మన్ కుర్రాడు తనూ నిలబడాలేమోనని దగ్గరికొస్తే, "నువ్వెవరు, ఈ ఊరోడివా? అవతలకి పో," అని అత్తే తోలేసింది. కొంగు కింద పిల్లాడు కూడా ఆ రోజు కొంగు బయటే ఉన్నాడు. వరస చివర తోక లాగా నేను. ఎవరికైనా ఏమైనా అయితే అది చివరివాడికా మొదటివాడికా అని లోపల లెక్కేసుకుంటూనే ఉన్నాను.

మాట ప్రకారం కారు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. అది సరిపోదని, నూజివీడు రిజిస్ట్రేషన్ ఆఫీసులో మళ్లీ చెయ్యాలని తెలిసి అత్త నా ట్రాక్టరెక్కి ఆయన కారు వెనకే వచ్చింది. అక్కడ ఆయన బొటనవేలు ముద్ర వేసేదాకా కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది.

దారిలో వస్తూ అడిగాను, "అత్తా, ఆయన్ని ముందు నిలబెట్టింది మర్యాదకా, గండానికా?"

"మర్యాద ఆయనకి చాలామంది చేస్తారు," అంది.

వానలు తగ్గాక తారు పడింది. రోడ్డు పంచాయతీది కాబట్టి రెండు గేట్లూ తీసేయాల్సి వచ్చింది. ఆయనే దగ్గరుండి తీయించాడు. మా తోడల్లుడు బండి కొన్నాడు. పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని ఆ తారు మీద పరుగులు తీశారు. అత్త మాత్రం దాని మీద కాలు పెట్టలేదు. పక్కన ముళ్లలోంచే నడిచేది. ఎవరైనా అడిగితే, "ఇంకా చూడాలి," అనేది. ఏం చూడాలో చెప్పేది కాదు. ఆ చలికాలమంతా మా దగ్గర ఎవరు దగ్గినా పది మంది తిరిగి చూసేవాళ్లు. వరసలో నిలబడినవాళ్లందరం ఒకరి ముఖాలొకరం రోజూ సరిచూసుకుంటూనే ఉన్నాం.

పూత మొదలైన రోజుల్లో ఓడాయనకి జ్వరం వచ్చింది. రెండు రోజులు అసెంబ్లీకి వెళ్లలేదు, మూడో రోజు కంటెయినరు తలుపు తీయలేదు. గన్‌మన్ వచ్చి చెప్పాడు. మా దగ్గర అందరి కళ్లూ అత్త వైపు తిరిగాయి. ముందు నిలబెట్టింది ఆమే కదా. ఎవరూ ఏమీ అనలేదు, అనకపోవడమే ఆమెకి తగిలింది.

లేచి పొయ్యి వెలిగించింది. మిరియాల చారు కాచి క్యారేజీలో పోసుకుంది. ముళ్లలోంచి వెళ్తే చారు ఒలుకుతుందని రోడ్డెక్కింది. ఆ తారు మీద ఆమె మొదటిసారి నడవడం నేను ట్రాక్టరు ఆపి చూశాను. నడిమధ్యలోంచి, ఎవరికీ దారి ఇవ్వకుండా నడిచింది.

నేను వెనకే వెళ్లేసరికి తలుపు బాది తీయించి, ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి, తాడు కట్టిన గ్లాసులో చారు పోసి, తాగేదాకా ఎదురుగా నిలబడి ఉంది.

"కారం ఎక్కువైందమ్మా," అన్నాడు.

"తాగు. నువ్వు పోతే నేనే చంపానంటారు. నీ తర్వాత వచ్చేవాడు ఎవడో, ఆ కాగితం చెల్లదని కోర్టుకెళితే చెప్పడానికి నువ్వుండాలి. రెండేళ్లన్నా ఉండాలి."

"రెండేళ్లు చాలా?"

అత్త గ్లాసు తీసుకుని అడుగున ఏమైనా మిగిలిందేమోనని వంచి చూసింది. "ముందు రెండేళ్లు ఉండు. తర్వాత చూద్దాం," అని, మళ్లీ నింపింది.